వదినకు కుదిరిన ఆర్గన్

మా బ్యాండులో చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె మా అన్నయ్య భార్య. నేను డ్రమ్స్ వాయిస్తాను. నేను వదినా వదినా అంటుంటే విని మా గాయకుడు కూడా మొదలుపెట్టాడు. అతని గొంతు గరగరలాడుతుంది కాబట్టి అతనికి కోకిల అని పేరు పెట్టుకున్నాం. గిటారు వాయించే అతను ప్రాణం మీదకొస్తే తప్ప నోరు విప్పడు, అందుకని అతను మౌనం. అన్నయ్య వేదిక ఎక్కడు. హాలు వెనక మిక్సర్ ముందు కూర్చుని ఎవరి శబ్దం ఎంత వినబడాలో చూసుకుంటాడు. వ్యాను నడపడం, వైర్లు చుట్టడం, మా అందరి మీదా విసుక్కోవడం కూడా ఆయన పనులే.

వదినది ఆర్గన్. మాకు బేస్ గిటారు లేదు. కుడిచేత్తో పాటను నడిపిస్తూ ఎడమచేత్తో బేస్ కూడా ఆమే పట్టుకుంటుంది. అందుకని వదిన ఒక్కరోజు రాకపోతే మాకు ఇద్దరు మనుషులు తగ్గినట్టే.

ఆ ఆర్గన్ పాతకాలంది. లోపల ఇనుప చక్రాలు తిరుగుతుంటే శబ్దం పుడుతుంది. వేళ్ళతో నొక్కే మెట్లు రెండు వరసలు, వాటి పైన శబ్దం రంగు మార్చడానికి లాగే చిన్న కడ్డీలు. దాని స్పీకరు మరో చెక్క బీరువా. ఆ బీరువాలో ఒక బూరా గిరగిరా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగితే స్వరం ఊయలూగుతుంది, వేగంగా తిరిగితే ఒళ్ళు జలదరించినట్టు వణుకుతుంది. ఆ బీరువా ఎప్పుడూ వదిన కుడిభుజం వెనకే ఉండాలి. దాని గాలి మెడకు తగులుతుంటేనే తనకు చేతులు ఆడతాయనేది.

ఒకరోజు పొద్దున్న వదిన వంటింట్లోకి వచ్చి, "కుళాయి ఎవరు వదిలేశారు? నీళ్ళు పోతున్నాయి" అంది. కుళాయి కట్టేసే ఉంది. స్నానాల గదిలోదీ కట్టేసే ఉంది. ఆ హోరు ఆమె కుడి చెవిలోంచి వస్తోంది.

"తలంటుకున్నప్పుడు నీళ్ళు పోయుంటాయి. అదే సర్దుకుంటుందిలే" అన్నాడు అన్నయ్య.

వదిన వెళ్ళి చెప్పులేసుకుంది. ఆమె మొహం చూసి అన్నయ్య కూడా వ్యాను తాళాలు తీసుకున్నాడు.

చెవి డాక్టరు తొందర లేకుండా మాట్లాడే మనిషి. లోపలి చెవి నరం దెబ్బతిందని, ఇలా ఎందుకవుతుందో చాలాసార్లు తెలియదని, ఆలస్యం చెయ్యకుండా రావడం మాత్రం చాలా మంచిదయిందని చెప్పింది. మందులు మొదలుపెట్టింది. వారాలు గడిచేకొద్దీ వినికిడి కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. వచ్చింది కూడా వంకరగా వచ్చింది.

ఆ వంకరేమిటో మాకు ప్రాక్టీసు గదిలో తెలిసింది. అదొకప్పటి గోడౌను, పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. వదిన ఆర్గన్ ముందు కూర్చుని ఒకే మెట్టు నొక్కింది. ఆగింది. మళ్ళీ నొక్కింది.

"చిన్నా, ఇది నీకెన్ని స్వరాలుగా వినబడుతోంది?"

"ఒకటే కదా వదినా."

"నాకు రెండు. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో దానికి కాస్త పైన ఇంకోటి. రెండూ పోట్లాడుకుంటున్నాయి." నవ్వుతూ చెబుదామనుకుంది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఇలా కూడా జరుగుతుందని డాక్టరు చెప్పింది. నెలలు గడిస్తే మెదడు కొంత సర్దుకోవచ్చు, పూర్తిగా సర్దుకోకపోనూవచ్చు. "వాయించడం మానక్కర్లేదమ్మా. కానీ చెవి పక్కన అంత హోరు ఇంక వద్దు. బాగున్న ఎడమ చెవిని కాపాడుకోవాలి. ఆ తిరిగే బీరువాకు మాత్రం దండం పెట్టేయండి" అంది. కుడి చెవిలో పెట్టుకోవడానికి మెత్తటి బిరడా ఒకటి కొలత తీసి చేయించింది.

ఇంటికొచ్చాక వదిన, "వేరే ఎవరినైనా చూసుకోండి" అని ఒక్క మాట అని గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు కోకిల వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "వదినా, మీరు లేకపోతే నా గొంతును కప్పిపుచ్చేదెవరు? జనం నిజం తెలుసుకుంటారు" అన్నాడు. వదినకు నవ్వాగలేదు. ఆ నవ్వును పట్టుకుని మేం అందరం వెంటపడ్డాం. తేలికపాటి కీబోర్డు ఒకటి, దానికి ఆర్గన్ శబ్దాన్నిచ్చే యాప్ ఒకటి. రెండూ వెతుకుదామన్నాం. చిన్న ఇయర్‌ఫోను ఎడమ చెవిలో పెట్టుకుంటే ఎంత కావాలో అంతే వినొచ్చు. వదిన సరే అనలేదు, వద్దనీ అనలేదు.

దుకాణంలో కుర్రాడు మంచివాడు. ఉన్నవాటిలోకెల్లా ఘనమైనదాని ముందు కూర్చోబెట్టాడు. "దీని మెట్లు అచ్చం పియానో బరువు, మేడమ్."

"అదే నా తిప్పలు బాబూ. ఆర్గన్‌కి మెట్లు తేలిగ్గా ఉండాలి, వేలు ఆనిస్తే పలకాలి. పైగా నేను అరచెయ్యి ఇలా ఈడుస్తాను." వదిన అరచెయ్యిని ఈ చివర నుంచి ఆ చివరకు జార్చబోయింది. సగంలోనే మెట్ల అంచులకు చెయ్యి తట్టుకుంది. పక్కనున్న ఇంకో కీబోర్డు తేలిగ్గానే ఉంది గానీ దాని అంచులు పళ్ళల్లా పొడుచుకొచ్చాయి. వదిన చెయ్యి విదిలించుకుంది. కుర్రాడు నొచ్చుకోకుండా మరో రెండు దింపాడు. గంట సేపు ఓపిగ్గా వైర్లు మార్చాడు. ఏది వాయించినా వదిన మొహం చిట్లించింది.

బయటికొచ్చాక, "వింటుంటే ఏదీ నచ్చట్లేదు చిన్నా. లోపం కీబోర్డుదో నాదో తెలియట్లేదు" అంది. ఉత్త చేతుల్తో తిరిగొచ్చాం.

యాప్‌ల పని అన్నయ్య పెట్టుకున్నాడు. తన టాబ్లెట్లోకి దొరికినవన్నీ దింపాడు. నా పాత చిన్న కీబోర్డును వైరుతో దానికి తగిలించి వదిన ముందు పెట్టాడు. ఒక యాప్‌లో బొమ్మ చూస్తే కళ్ళు చెదురుతాయి, నిగనిగలాడే చెక్క, ఇత్తడి మీటలు. కానీ మెట్టు నొక్కాక శబ్దం తీరిగ్గా వస్తోంది.

"గ్యాస్ బండ మార్చమంటే మీ అన్నయ్య వచ్చినట్టుంది" అంది వదిన. అన్నయ్య దాన్ని తీసేశాడు.

రెండోది ఇయర్‌ఫోనులో తేనెలా ఉంది. అందరం మెచ్చుకున్నాం. మూడోది బొమ్మా లేదు, సొగసూ లేదు, గరగరమంటోంది. విన్న వెంటనే పక్కకు నెట్టేశాం. తేనెలాంటిదాన్ని పట్టుకుని ప్రాక్టీసు గదికి వెళ్ళాం. నేను డ్రమ్స్ అందుకుని, మౌనం గిటారు మీటేసరికి వదిన వాయించేది ఎక్కడా లేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద గుసగుసలాడినట్టయింది. అన్నయ్య శబ్దం పెంచాడు. పెంచితే మూలుగు పెరిగింది గానీ పాట ముందుకు రాలేదు.

వదిన ఇయర్‌ఫోను తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. "నాకేమో ఇది బాగున్నట్టే వినబడుతోంది. మీ మొహాలు చూస్తే తెలుస్తోంది బాలేదని. నా చెవి మీద నాకే నమ్మకం పోయాక ఏం ఎంచుకోను?" అని లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. అన్నయ్య వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా నేను సరంజామాకు ఫోన్ చేశాను.

సరంజామా అంటే వేరే బ్యాండులో కీబోర్డు వాయించే ఆయన. ఒక్క పాట కోసం పిలిచినా మూడు కీబోర్డులు, వాటికి స్టాండ్లు, అదనపు వైర్లు, ఆ అదనానికి మళ్ళీ అదనం, అన్నీ మోసుకొస్తాడు. ఆ పేరు మేం మాలో మేం పెట్టుకున్నదే, ఆయనకు తెలియదు. మేం ఏళ్ళ తరబడి వారం వారం వాయించిన హోటల్ వాళ్ళు ఒకనాడు మమ్మల్ని మాన్పించి ఆయన బ్యాండును పెట్టుకున్నారు. అందులో ఆయన తప్పేం లేదు. పిలిచారు, వెళ్ళాడు. కానీ అప్పట్నుంచీ ఆయన ఎదురుపడితే వదిన గోడ వైపు చూస్తుంది. ఫోనులో జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విని, "మీ ప్రాక్టీసు ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం మధ్యాహ్నం గోడౌను ముందు ఆటో ఆగింది. ఆయన దిగి ఒక పెట్టె లోపల పెట్టాడు. వెళ్ళి ఇంకోటి తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. వదిన నా వైపు ఒక చూపు చూసింది. ఇంటికెళ్ళాక నా పని చెబుతుందని ఆ చూపులోనే తెలిసింది. ఆయన నాలుగోసారి లోపలికి వస్తుంటే మాత్రం ఉండబట్టలేక నోరు విప్పింది.

"ఇల్లు మారుతున్నారా?"

"సగమే తెచ్చానండీ" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ.

కోకిల గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు. మూడు కీబోర్డుల్ని వరసగా పెట్టి వదిన ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"మీ మరిది అంతా చెప్పాడు. నాకు తోచింది చెప్తాను, నచ్చకపోతే వెళ్ళిపోమనండి. మీరు రెండు ప్రశ్నల్ని కలిపేసుకున్నారు. చేతికి ఏది కుదురుతుందన్నది ఒకటి, వినేవాళ్ళకి ఏది కుదురుతుందన్నది ఒకటి. మొదటిది మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. రెండోది మీరు చెప్పక్కర్లేదు. దానికి వీళ్ళున్నారుగా."

"చేతికి కుదిరిందో లేదో వినకుండా ఎలా తెలుస్తుందండీ?"

"వినకండి. కరెంటు పెట్టను. ఊరికే వాయించండి."

వదిన నమ్మనట్టు చూసింది. అయినా చేతులు పెట్టింది. ఆ గదిలో శబ్దం లేని సంగీతం మొదలైంది. మెట్లు కిందికీ పైకీ ఆడుతున్న టకటకలు, గాజుల చప్పుడు, అంతే. మొదటిదాని మీద కాసేపు వాయించి తల అడ్డంగా ఊపింది. రెండోదాని మీద అంతసేపు కూడా ఉండలేదు. మూడోదాని మీద చేతులు పెట్టి, ఒక పాట మొదలుపెట్టి, ఆపలేదు. వేళ్ళు పరిగెత్తాయి. ఎడమచెయ్యి బేస్ పట్టుకుంది. అరచేతిని ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చింది. అంచులు గుండ్రంగా ఉన్నాయేమో, నీళ్ళ మీద జారినట్టు జారింది. ఎన్ని వారాల తర్వాతో ఆమె బిగిసిన భుజాలు వదులవడం చూశాను.

"ఇది" అంది.

అది ఆయన రోజూ వాయించే సొంత కీబోర్డు. "ఒక్క వరసే ఉందని దిగులు పడకండి. ఎడమవైపు కొంత మేర బేస్‌కని విడగొట్టి ఇస్తాను. రెండు వరసలది కూడా దొరుకుతుంది గానీ బరువెక్కువ. మోసేవాళ్ళ నడుము సంగతి కూడా చూడాలి కదా."

"నా నడుమును తలచుకున్న మొదటి మనిషి మీరేనండీ" అన్నాడు అన్నయ్య మిక్సర్ వెనక నుంచి.

తర్వాత యాప్‌ల సంగతి. కీబోర్డుకు కరెంటు పెట్టి, టాబ్లెట్ తగిలించి, సరంజామా మమ్మల్ని రెండు జట్లు చేశాడు. నేను, మౌనం వదినతో కలిసి వాయించాలి. అన్నయ్య, కోకిల గోడౌను ఆ చివరికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడాలి. జనం కూర్చునేది అక్కడే అన్నాడు. ఆయన టాబ్లెట్ దగ్గర కూర్చుని ఒక్కో యాప్ మారుస్తాడు, ఏదేమిటో చెప్పడు. పాటకు అతికిందనిపించినప్పుడు వాళ్ళు చెయ్యెత్తాలి.

ఒకే పాట మళ్ళీ మళ్ళీ వాయించాం. తేనెలాంటిది వచ్చి వెళ్ళింది, చేతులు లేవలేదు. ఇంకోటి వచ్చింది, అన్నయ్య చెయ్యి సగం లేచి దిగిపోయింది. తర్వాత ఒకటి మొదలవగానే నా కర్రల కింద పాట గట్టిపడింది. గిటారుకీ డ్రమ్స్‌కీ మధ్య నుంచి ఆర్గన్ నడుచుకుంటూ వచ్చింది. దూరంగా రెండు చేతులూ ఒకేసారి లేచాయి. గిటారు ఆగిపోయింది. చూస్తే మౌనం కూడా చెయ్యెత్తి ఉన్నాడు.

"ఇదే" అన్నాడు మౌనం.

"అతనే మాట్లాడాడంటే ఇంక తిరుగులేదు" అని అక్కణ్ణుంచి అరిచాడు కోకిల.

అది మేం విన్న వెంటనే నెట్టేసిన గరగరల యాప్. వదిన నొసలు ముడేసింది. "నాకు మొరటుగా ఉంది."

"ఒంటరిగా వింటే నాకూ అంతేనండీ. కానీ గిటారు పక్కన చోటు చేసుకునేది ఆ గరగరే. పాత చక్రాల్లో కూడా అదే ఉండేది. మీరు దానికి అలవాటు పడిపోయి గమనించలేదు" అన్నాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు టాబ్లెట్ మీదకు వంగాడు. "ఇంకో సంగతి. బూరా తిరిగే శబ్దాన్ని ఈ యాప్ కుడికి కొంత, ఎడమకు కొంత పంచి పంపుతుంది. మీరు ఎడమ చెవితోనే వింటున్నారు. అంటే ఇన్నాళ్ళూ మీకు సగం తిరుగుడే వినబడింది. రెండింటినీ కలిపి ఒకటి చేస్తాను. కుడి చెవిలో బిరడా పెట్టుకోండి."

వదిన బిరడా పెట్టుకుంది. ఎడమ చెవిలో ఇయర్‌ఫోను సర్దుకుంది. నాలుగు స్వరాలు కలిపి నొక్కి పట్టుకుంది. సరంజామా వేగం మార్చే మీటను మెల్లగా తిప్పాడు. వదిన కళ్ళు మూసుకుంది.

"తిరుగుతోంది" అంది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లలా, "చిన్నా, తిరుగుతోందిరా!" అంది. ఎప్పుడూ నన్ను 'రా' అనని మనిషి.

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

టీలు వచ్చాయి. వదిన తన గ్లాసు చేతిలో తిప్పుకుంటూ అడిగింది. "ఇంత దూరం ఇదంతా మోసుకుని ఎందుకొచ్చారు? మీతో నేను సరిగ్గా మాట్లాడి కూడా ఎన్నాళ్ళో అయింది."

సరంజామా కొంచెం తడబడ్డాడు. "ఆ హోటల్లో మీరు వాయించే రోజుల్లో వారం వారం వచ్చేవాణ్ణండీ. చివరి బల్ల దగ్గర ఒక్క టీతో సాయంత్రమంతా కూర్చునేవాణ్ణి. వెయిటర్లు నన్ను చూస్తే విసుక్కునేవారు. ఆర్గన్ అంటే ఏమిటో నాకక్కడే తెలిసింది. మీకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఈలోగా వాళ్ళు నన్నే పిలిచారు. ఇంక వచ్చి చెప్తే ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

"అప్పుడే చెప్పుంటే రెండో టీ నేనిప్పించేదాన్ని కదండీ" అంది వదిన. అంతే. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ గోడ వైపు చూడలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆ కీబోర్డు మా దగ్గరే వదిలేశాడు. మీది దొరికేదాకా వాయించుకోండి అన్నాడు. దుకాణం కుర్రాడికి కబురు చేస్తే ఎక్కణ్ణుంచో అదే రకం తెప్పించాడు. వదిన వాయించి చూడటానికి వెళ్ళినప్పుడు, "శబ్దం పెట్టనా, తీసెయ్యనా మేడమ్?" అని అడిగాడట నవ్వుతూ.

నర్సుల సంఘం వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచారు. సాయంత్రం వెలుగుండగానే మొదలయ్యే కార్యక్రమం. సరంజామా ముందురోజు ఫోన్ చేసి అన్నయ్యకు జాగ్రత్తలు చెప్పాడు. టాబ్లెట్‌కు ఫోన్లూ మెసేజ్‌లూ రాకుండా కట్టెయ్యాలి. ఎంత మంచి యాప్ అయినా ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది కాబట్టి కీబోర్డులో ఉన్న మామూలు ఆర్గన్ శబ్దాన్ని ఒక బటన్ మీద సిద్ధంగా ఉంచాలి, దానికి వేరే వైరు మిక్సర్‌కు తగిలించాలి. అన్నయ్య అన్నీ అలాగే చేశాడు.

మొదటి రెండు పాటలూ హాయిగా సాగాయి. వదిన మొహంలో బెరుకు తగ్గింది. మూడోది నెమ్మది పాట. మొదట్లో ఆర్గన్, కోకిల గొంతు తప్ప ఇంకేం ఉండవు. నేను కర్రలు ఒళ్ళో పెట్టుకుని నా వంతు కోసం చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆర్గన్ ఆగిపోయింది.

వదిన చేతులు మాత్రం ఆగలేదు. ఆమె మెట్లు నొక్కుతూనే ఉంది. కోకిల వైపు చూస్తోంది. అతని పెదాలు కదులుతున్నాయి. ఆమె మొహంలో రక్తం లేదు. ఆ క్షణంలో నాకు అర్థమైంది. కోకిల గొంతు కూడా ఆమెకు ఆ టాబ్లెట్ గుండా ఇయర్‌ఫోనులోకే వస్తుంది. కుడి చెవిలో బిరడా, ఎడమ చెవిని ఇయర్‌ఫోను గట్టిగా మూసేసింది. వదిన ఏమనుకుంటోందంటే, తన ఎడమ చెవి కూడా పోయిందని.

కర్రలు ఎక్కడ పడ్డాయో తెలియదు. లేచి వెళ్ళి ఆమె ఎడమ పక్కన వంగి ఇయర్‌ఫోను లాగేశాను. "వదినా! టాబ్లెట్ ఆగిపోయింది. టాబ్లెట్టే! నీ చెవి బాగుంది."

ఆమె నా వైపు చూసింది. నా మాట విన్నదని ఆమె కళ్ళల్లో తెలిసింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. అప్పటికే కోకిల ఏమీ జరగనట్టు మొదటి చరణాన్ని మళ్ళీ ఎత్తుకున్నాడు, ఒంటరి గొంతుతో. మౌనం గిటారు తీగల్ని వేళ్ళతో తాకీ తాకకుండా తోడు వెళ్ళాడు. వదిన ఆ బటన్ నొక్కింది. కీబోర్డు సొంత శబ్దం హాల్లోకి వచ్చింది. నాటు శబ్దమే, తిరుగుడూ లేదు, గరగరా లేదు. ఆ పాటంతా ఆమె చెవిలో ఏమీ లేకుండా, హాలు గోడల నుంచి తిరిగొచ్చేది వింటూ వాయించింది. నేను ఎన్నో ఏళ్ళుగా ఆమె పక్కన వాయిస్తున్నాను. అంత నెమ్మదిగా, అంత నిండుగా ఆమె వాయించడం ఎప్పుడూ వినలేదు. పాట అయ్యేసరికి అన్నయ్య హాలు వెనక నుంచి వేదిక దగ్గరకు పరిగెత్తుకొచ్చి టాబ్లెట్‌ను ఆర్పి వెలిగించాడు, తర్వాతి పాటకు మళ్ళీ యాప్ వచ్చింది.

కార్యక్రమం చివర్లో మామూలుగా కోకిలే అందరికీ నమస్కారం చెబుతాడు. ఆరోజు వదిన లేచి అతని చేతిలోంచి మైకు తీసుకుంది. మాకందరికీ ఆశ్చర్యం. ఆమె మైకులో మాట్లాడగా మేం ఎప్పుడూ వినలేదు.

"నేను ఎక్కువ మాట్లాడను. నా చెవి ఒకటి సరిగ్గా పనిచెయ్యట్లేదు. ఇవాళ వాయించగలిగానంటే కొంతమంది ఉన్నారు. ఓపిగ్గా చూసిన మా డాక్టరుగారు. కొనకుండా పోయినా విసుక్కోని దుకాణం అబ్బాయి. ఇంకా, వాళ్ళెవరో నాకు తెలియదు గానీ, ఎక్కడో కూర్చుని పాత చక్రాల గరగరను కూడా వదలకుండా ఈ చిన్న పలకలోకి ఎక్కించిన వాళ్ళు. వాళ్ళ పిల్లాపాపా చల్లగా ఉండాలి. మా బ్యాండు వాళ్ళు నాకు తమ చెవులు అరువిచ్చారు. మా ఆయన..." అని ఆగి, "ఆయనకు ఇంట్లో చెప్తాను" అంది. నర్సులు గొల్లున నవ్వారు. "అన్నిటికంటే ముందు, అడిగిన వెంటనే వచ్చిన మా సరంజామాగారికి..."

హాల్లో చివరి వరసలో కూర్చున్న ఆయన చుట్టూ చూశాడు, ఎవరిని అంటోందా అని. తర్వాత మెల్లగా అర్థమైంది. వదిన నాలుక కరుచుకుంది. నేను డ్రమ్ వెనక తల దాచుకున్నాను. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, పగలబడి నవ్వాడు. తర్వాతి వారం ఆయన పెట్టెలన్నిటి మీదా తెల్ల రంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ఆ పేరే రాసి ఉంది.

పాత ఆర్గన్‌ను వదిన ఆయనకే ఇచ్చేసింది. పిల్లలకు ఆయన సంగీత పాఠాలు చెప్పే గది కింది అంతస్తులో ఉంది, అక్కణ్ణుంచి దాన్ని ఎక్కడికీ మొయ్యక్కర్లేదు. "దీన్ని వాయించే చేతులు రెండు కాదు, పది ఉండాలి" అంది. దాన్ని వ్యాను ఎక్కించిన రోజున అన్నయ్య నడుము పట్టుకుని, ఇదే ఆఖరుసారి అని మూడుసార్లు అన్నాడు, పండగ చేసుకుంటున్న మొహంతో.

కుడి చెవిలో రెండో స్వరం ఇప్పటికీ ఉంది, కొంచెం దగ్గరకొచ్చిందట. కొన్నాళ్ళకు కలిసిపోతుందేమో, పోదేమో. వదిన దాని గురించి ఎక్కువ మాట్లాడదు. అడిగితే, "ఉందిలే, దాని మానాన అది" అంటుంది.

మొన్న ప్రాక్టీసు అయ్యాక అందరం కలిసి నడిచి ఇంటికి వస్తున్నాం. ఎండ వాలుతోంది. అన్నయ్య వదినకు ఎడమ పక్కన నడుస్తున్నాడు. నేను ఏదో చెబుదామని ఆయన పక్కకు చేరాను. కోకిల నా పక్కకొచ్చాడు. మౌనం అతని పక్కకొచ్చాడు. వినబడే వైపు ఉండాలని ఎవరికి వాళ్ళమే అనుకున్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కుడి పక్కన ఒక్క మనిషి లేడు. రోడ్డు సగం మేమే ఆక్రమించాం, వదినను రోడ్డు పక్క కాలవ అంచుకు నెట్టేశాం.

వదిన ఆగిపోయి మా వరసను చూసింది. "మీ ప్రేమ పాడుగాను, అందరూ ఒకే పక్క చేరితే నేను కాలవలో పడతాను" అంది.

మేం నలుగురం ఆమెకూ కాలవకూ మధ్యగా, కుడి పక్కకు మారాం. అప్పుడు ఆమెకు మా మాటలు సరిగ్గా వినబడలేదు. ఇంటిదాకా ఆమే మాట్లాడుతూ వచ్చింది. మేం విన్నాం.